రద్దు పత్రం

"ఈరోజే రద్దు చేయించమ్మా. రేపనకు."

జ్యోతిర్మయి తలెత్తింది. చల్లపల్లి రిజిస్ట్రారాఫీసు వరండాలో, తను కూర్చున్న బల్ల మీదే ఓ పెద్దాయన. ఎప్పుడొచ్చి కూర్చున్నాడో తెలియలేదు.

"మీరెవరండీ?"

"మీ పొలం తెలిసినవాణ్ణి."

చాలాకాలంగా నోరు విప్పనివాడిలా, ఒక్కో మాటా కూడదీసుకుంటున్నాడు.

ఆమెకు విజయవాడలో చీరల కొట్టు. తండ్రి పోతూ పోతూ, "పొలం వెంకటప్పయ్య చూసుకుంటాడు. ఆయన పేర పవరాఫ్ అటార్నీ రాసివ్వు" అన్నాడు. రాసిచ్చింది. మనిషిని మాత్రం ఎన్నడూ చూడలేదు. మొన్న ఎవరో, "మీ పొలం బేరానికి పెట్టారటగా?" అన్నారు. ఆ పవరు రద్దు చేద్దామని పొద్దున్నే బస్సెక్కింది.

ఫోన్ మోగింది. వెంకటప్పయ్య కొడుకు ధనుంజయ్.

"చల్లపల్లి వచ్చారంటగా మేడమ్! రద్దూ గిద్దూ ఎందుకండీ? నాన్నగారు మీతో మాట్లాడతానంటున్నారు. రేపు ఇంటికి రండి, కూర్చుని తేల్చుకుందాం."

ఆ మర్యాదకి ఆమె మెత్తబడింది. కాగితాలు తీసుకుని లేచింది.

"వెళ్లకమ్మా. రేపటికి పొలం ఉండదు," అన్నాడు పెద్దాయన.

"వాళ్ల నాన్నగారు మాట్లాడతానన్నారటగా?"

"ఆయన మాట్లాడడు."

పైన ఫ్యాను గిర్రున తిరుగుతోంది. ఆమె చేతిలో కాగితాలు రెపరెపలాడుతున్నాయి. ఆయన భుజం మీది తుండు అంచు కూడా కదలడం లేదు.

ఎందుకో ఆమెకు జంకు పుట్టింది. ఆ జంకే కోపమైంది.

"ఆ దొంగ ముసలాయన సంగతి మీకెలా తెలుసు? మీకూ వాటా ఉందా ఏంటి?"

పెద్దాయన నొచ్చుకోలేదు.

"దొంగే అనుకో తల్లీ. రద్దు మాత్రం చేయించి వెళ్లు."

ఆ కళ్లలోని ఆత్రం చూశాక ఆమెకు అడుగు పడలేదు. వెనక్కి తిరిగి లోపలికి నడిచింది.

సంతకాలు, వేలిముద్రలు అయ్యాయి. రద్దు రిజిస్టరైంది. బయటికొచ్చేసరికి బల్ల ఖాళీ.

పత్రంలోని చిరునామా పట్టుకుని నేరుగా వెంకటప్పయ్య ఇంటికే వెళ్లింది. నాన్న నమ్మిన మనిషి ఇలా ఎందుకు చేశాడో మొహం మీదే అడగాలనుకుంది.

తలుపు ఓరగా వేసి ఉంది. లోపల మంచం పక్కన ఒకావిడ కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తోంది. వెంకటప్పయ్య కోడలు మాధురి.

"నేను జ్యోతిర్మయినండీ. పెద్దాయనతో మాట్లాడాలి."

మాధురి బెదిరిపోయింది.

"ఆయనకి మాట పడిపోయి ఏడాది దాటిందండీ. మీ పొలం అమ్మడానికి వీల్లేదని కొడుకుతో గొడవపడ్డ రోజే మంచాన పడ్డారు. ఇవాళ తెల్లారగట్ల పోయారు."

వాకిలి వైపు చూసి గొంతు తగ్గించింది.

"పోయాక ఆయన వేలు పట్టుకుని అమ్మకం కాగితాల మీద ముద్ర వేసుకున్నారండీ మా ఆయన. కొనేవాళ్లు వచ్చి వెళ్లేదాకా బయటికి చెప్పొద్దని, నన్ను ఏడవను కూడా ఏడవనివ్వలేదు."

జ్యోతిర్మయి మంచం దగ్గరికి వెళ్లి, మొహం మీది దుప్పటి తొలగించింది.

ఇందాక ఆమె పక్కన కూర్చుని, తన పవరు తానే రద్దు చేయించుకున్న పెద్దాయన కళ్లు మూసుకుని ఉన్నాడు.