పల్చని కాగితం కింది బొమ్మ

గోడలు కథలు చెప్పడం మొదలుపెట్టాక ఇళ్లలో పుస్తకాలు పోయాయి. గోడ వినేవాళ్ల మొహం చూసి కథ మార్చేది. కళ్లు చెమరిస్తే చాలు, చచ్చిపోవలసినవాడు లేచి కూర్చునేవాడు.

ఇందుజ తాతయ్య మాత్రం పాత చరిత్రల బొమ్మల పుస్తకాలు మళ్లీ అచ్చయితే వెతికి తెప్పించుకునేవాడు. గుడ్డ అట్ట, దారంతో కుట్టిన పుటలు, ప్రతి రంగుల బొమ్మ మీదా ఒక పల్చని కాగితం. చిన్నప్పుడు బడిలో చదివిన పల్నాటి యుద్ధం పుస్తకం ఇన్నేళ్లకు దొరికింది గానీ, ఈలోగా ఆయన చూపు పోయింది.

"మా మాస్టారు చదివిన ఆ ఒక్క పేజీ మళ్లీ వినాలే, ఇందూ. నువ్వు చదువు."

ఇందుజ సిగ్గుపడుతూనే చదివింది. కుర్ర వీరుడు గాయపడి పడిపోయే చోట తాతయ్య మొహం వాడిపోయింది. అది చూసి, "అంతలో వైద్యుడొచ్చి బతికించాడు" అనేసింది.

తాతయ్య ఫక్కున నవ్వాడు. "ఓసి పిచ్చిదానా! నువ్వూ గోడవైపోయావా? ఆ బొమ్మ మీద కాగితం తియ్యి."

తీసింది. వాలిన జెండా పక్కన కుర్రవాడు, అతని తల అమ్మ ఒడిలో.

"మా తరగతిలో నలభైమందిమీ ఇక్కడే ఏడ్చాం, మాస్టారితో సహా. ఉన్నదున్నట్టు చదువమ్మా."

చదివింది. కళ్లలో నీళ్లు అక్షరాలకు అడ్డొచ్చాయి. తలెత్తితే తాతయ్య కళ్లూ తడిగానే ఉన్నాయి. గోడ ఇద్దరిని కథలో ఒకేచోట ఎప్పుడూ ఏడిపించలేదు.

కాగితం జాగ్రత్తగా కప్పింది. ఎవరినీ పలకరించని ఆ పిల్ల వాకిట్లోకెళ్లి పక్కింటి సుమిత్రను కేకేసింది.

"రావే, ఒక పేజీ చదువుతాను. నువ్వెక్కడ ఏడుస్తావో చూడాలి."