కుందేలు చెవి

"నాన్నా, ఈసారైనా పైకి చూడు. విమానాలు ఆకాశంలో ఉంటాయి, జనంలో కాదు!"

పళ్ల డాక్టరమ్మ విసుక్కుంది. చక్రాల కుర్చీలో కూర్చున్న తండ్రి ఎప్పటిలాగే జనాన్నే చూస్తున్నాడు.

ఏటా ఇదే తంతు. పాత యుద్ధ విమానాల ప్రదర్శన అని పేపర్లో పడితే చాలు, పెద్దాయన చిన్నపిల్లాడిలా మంకుపట్టు పడతాడు. తీరా వచ్చాక, నెత్తిమీద విమానాలు పల్టీలు కొడుతున్నా పట్టించుకోడు. వయసు మళ్లిన మొహాలను ఒక్కొక్కటే వెతుకుతూ కూర్చుంటాడు.

ఎవరి కోసమని అడిగితే, "పేరు తెలిస్తే కదమ్మా చెప్పడానికి" అంటాడు.

"నువ్వు నడిపిన రకం అదుగో. లోపలికి వెళ్లి ఫొటోలు తీసుకొస్తా. ఈ దుప్పటి కప్పుకో."

"ఉక్కపోస్తోందే. నువ్వే పట్టుకుపో."

దుప్పటి భుజాన వేసుకుని ఆమె నిచ్చెనెక్కింది.

లోపలంతా ఇరుకు. నడుం వంచితే గానీ నడవలేని రేకు గొట్టం. ఇలాంటి చోట్లంటే ఆమెకు ప్రాణం మీదికొస్తుంది. రోజంతా జనం నోళ్లు తెరిపించే ఆ మనిషి, తన క్లినిక్ తలుపు మాత్రం ఎవరినీ మూయనివ్వదు. నాన్న కోసం కాకపోతే ఈ గొట్టంలో కాలు పెట్టేదే కాదు. గబగబా నాలుగు ఫొటోలు తీసి వెనక్కి తిరిగింది.

తలుపు దగ్గర ఒక ముసలావిడ నిలబడి, విమానం గోడను అరచేత్తో నిమురుతోంది.

"కాస్త జరుగుతారా?"

అంతలో బయట ఏదో విమానం నేల దద్దరిల్లేలా దూసుకుపోయింది. ఆ గాలికి తలుపు ధడాలున మూసుకుంది.

డాక్టరమ్మ పిడి పట్టుకుని లాగింది. పిడి ఊడి చేతికొచ్చింది.

"చివర ఎక్కింది మీరేగా! తలుపుకి కొక్కెం తగిలించొద్దూ?"

"నేను చూసుకోలేదమ్మా."

డాక్టరమ్మ రేకు మీద పిడికిళ్లతో బాదింది. ఎవరికి వినపడుతుంది? బయట ఇంజన్ల మోత, దాని మీద మైకువాడి కేకలు. "మన వీర పైలట్లకు చప్పట్లు!" అంటున్నాడు.

నాన్నకు ఫోన్ చేసింది. ఆయన ఫోన్ తన హ్యాండ్‌బ్యాగులోనే మోగింది.

గోడలు దగ్గరికి జరుగుతున్నట్టనిపించింది. ఎంత పీల్చినా ఊపిరి అందడం లేదు.

"నేనిక్కడే పోతాను," అంది ఏడుపు గొంతుతో.

"ఏం పోవు. ఆ దుప్పటి ఇలా ఇవ్వు. ఒక కొస నువ్వు పట్టుకో."

"ఇప్పుడు దుప్పటెందుకండీ!"

"పట్టుకోమన్నానా? ఊపిరి వదులుతూ లాగు. తలుపు వైపు కాదు, బట్ట వైపు చూడు. ముడత కనపడితే చెప్పు."

ఆ గొంతులో ఏముందో గానీ డాక్టరమ్మ లాగింది. సవరించింది. మళ్లీ లాగింది. ఒక మడత ఇటు, ఒక మడత అటు. సగం అయ్యాక ముసలావిడకు ఎక్కడో చిన్న ముడత కనపడింది. మొత్తం విప్పేసి మళ్లీ మొదటికి తెచ్చింది.

"ఏం చాదస్తమండీ, దుప్పటేగా!"

"అలవాటు తల్లీ."

చేతులకు పని దొరికేసరికి ఊపిరి కాస్త దారిలో పడింది.

"మీకు ఈ వయసులో ఇందులో ఏం పని?"

"ఇన్నేళ్లూ బయటినుంచే చూశా. ఒక్కసారి లోపల ఎలా ఉంటుందో చూద్దామని. మీ వాళ్లెవరైనా ఎగిరేవారా?"

"మా నాన్న."

ఆవిడ చేతులు ఆగాయి. "క్షేమంగా దిగారా?"

"దిగకపోతే నేనెక్కణ్ణుంచి వస్తాను?"

"అంతే చాలు," అంది ఆవిడ. చివరి కొసను లోపలికి దోపి, మూల మాత్రం పైకి తీసి, బొటనవేలితో ఒక నొక్కు నొక్కింది. ఆ మూల కుందేలు చెవిలా నిక్కి నిలబడింది.

అప్పుడు తెరుచుకుంది తలుపు. కాపలావాడు తొంగిచూశాడు.

డాక్టరమ్మ దుప్పటి లాక్కుని, ఆవిడను పక్కకు నెట్టి, కిందికి దూకినంత పని చేసింది. వెలుతురు తగలగానే భయమంతా కోపమైపోయింది.

"ముందు ఇలాంటి వాళ్లను ఎక్కించడం మానండి! ఏం తెలుసని ఎక్కుతారో ఏమో!"

చుట్టూ ఉన్నవాళ్లు తిరిగి చూశారు. ముసలావిడ కమ్మీ పట్టుకుని మెల్లగా దిగి, జనంలో కలిసిపోయింది.

దుప్పటి తండ్రి ఒళ్లో పడేసి, డాక్టరమ్మ జరిగిందంతా ఏకరువు పెట్టింది. ఆయన వినడం లేదు. దుప్పటి మూలన నిక్కిన ఆ చెవినే చూస్తున్నాడు. బొటనవేలితో దాన్ని తాకి, పట్టుకుని లాగాడు. దుప్పటి ఎక్కడా చిక్కుకోకుండా, ఒక్క విసురుకి మోకాళ్ల మీద పూర్తిగా పరుచుకుంది.

"ఎవరమ్మా ఇది మడిచింది?"

"ఎవరో ముసలావిడ. చెప్పానుగా, ఆవిడ వల్లే..."

"ఎటు వెళ్లింది?"

తండ్రి గొంతు అలా పలకడం ఆమె ఎన్నడూ వినలేదు. గేట్ల వైపు పరిగెత్తింది. ప్రదర్శన ముగిసి జనం బస్సుల వైపు పోటెత్తుతున్నారు. ఎటు చూసినా నెరిసిన తలలే. మైకు దగ్గరికి వెళ్లి బతిమాలింది.

"పేరు చెప్పండి మేడమ్, పిలుస్తాను," అన్నాడు మైకువాడు.

పేరు తెలిస్తే కదా చెప్పడానికి. సిగ్గుతో, ఒట్టి చేతులతో తిరిగొచ్చింది. తండ్రి దుప్పటి మూలను మళ్లీ నొక్కి చూస్తున్నాడు. అది నిలబడటం లేదు.

"ఎవరు నాన్నా ఆవిడ?"

"మడిచేవాళ్లు వేరే షెడ్డులో ఉండేవాళ్లమ్మా, మేం మొహాలు చూసుకున్నదే లేదు. నా సంచీ మీద మాత్రం ఎప్పుడూ ఈ చెవి ఉండేది, దాన్ని తడిమి విమానం ఎక్కేవాణ్ణి," అన్నాడు ఆయన. "మంటల్లోంచి దూకిన రోజు నా పారాచూట్ తెరుచుకుందంటే, ఇవాళ నువ్వూ నేనూ ఇక్కడున్నామంటే, ఆవిడ మడతలో ఒక్క ముడత లేకపోబట్టే తల్లీ."