జూమ్ లేని కెమెరా

"ఆ డబ్బా నా మీదకి తిప్పేవంటే నూతిలో గిరాటేత్తాను, శ్రీనూ," అన్నాడు తిరుపతిరావు.

శ్రీను అరచేతిలో ఇమిడిపోయే నల్ల కెమెరాను దించాడు. అతను ఓడలో పనిచేస్తాడు; నిన్ననే సెలవు మీద కవిటిలో అక్క రాజులమ్మ ఇంటికి వచ్చాడు. కెమెరా అతనిది కాదు, ఓడలో తోటివాడిది. పనితీరు నచ్చితే కొంటానని అడిగి తెచ్చుకున్నాడు.

"కొనీముందు సూసుకోవద్దేటి, బావా? బంగారం ధర పెట్టాల దీనికి."

"కొబ్బరిసెట్టుని తీసేవు. ఆవుదూడని తీసేవు. మీ అప్పని తీసేవు. ఇంకా సాలదా?"

"మనుషులు పక్కపక్కన కూకుంటే ఎలాగొత్తాదో సూడాల. అప్పా, నువ్వూ రా."

రాజులమ్మ వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చేసింది. పిలుపు కోసమే కాచుకుని ఉన్నట్టు వచ్చింది.

తిరుపతిరావు ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. అతని మొహం ఉబ్బి ఉంది. ఎడమచేతికి సూదులు గుచ్చిన చోట పట్టీ ఉంది. రెండు కిడ్నీలూ పోయాయి. కంచిలిలో రైలెక్కి విశాఖ వెళ్లడం, మిషను పక్కన పడుకుని రక్తం శుభ్రం చేయించుకోవడం, తిరిగి రావడం, ఇదే ఇప్పుడతని పని. రేపు మళ్లీ వెళ్లాలి.

"నాకు తెల్దేటి?" అన్నాడు. "ఈ వీధిలో జబ్బుపడ్డాక ఫొటో దిగినోడు ఎవడు మిగిలేడు? పోలారావు దిగేడు, గోడెక్కేడు. సన్యాసయ్య దిగేడు, గోడెక్కేడు. నా గోడ నా గోడలాగే ఉండనీ."

విసురుగా లేచి పెరటి తోటలోకి నడిచాడు. శ్రీను వెంటపడ్డాడు. కొబ్బరిచెట్ల మధ్య కొంతదూరం పోయాక తిరుపతిరావు ఆగి వెనక్కి తిరిగాడు. శ్రీను చేతిలో కెమెరా ఇంకా కిందికే ఉంది.

"అంత ధర కెమెరా కదా. అక్కణ్ణించే లాగి తీసుకో."

"ఇది లాగదు, బావా. దీనికి జూమ్ నేదు. నానే దగ్గరికి రావాల."

తిరుపతిరావు మొహంలోకి ఆ రోజు మొదటిసారి నవ్వొచ్చింది. "బంగారం ధరకి అదీ నేదా? అయితే నువ్వు వత్తా ఉండు, నాను పోతా ఉంటాను."

బావ ఒక చెట్టు దాటితే బావమరిది ఒక చెట్టు దాటాడు. కానీ జబ్బుమనిషి ఎంత దూరం పోతాడు? కూలిన కొబ్బరిమాను కనబడగానే దాని మీద చతికిలబడి రొప్పసాగాడు.

రాజులమ్మ నీళ్ల చెంబుతో వచ్చి పక్కన కూర్చుంది. ఒక్క గుక్క తాగనిచ్చి చెంబు లాగేసుకుంది. అంతకు మించి తాగకూడదు. చెంగుతో అతని మెడ తుడిచింది.

"పెళ్లయిన కాణ్ణించి మనిద్దరిదీ ఒక్క ఫొటో నేదు, మావా."

"నువ్వు దిగేవు కదే."

"నా ఒక్కదానిదీ దేనికీ పనికిరాదు. ఇద్దరం పడాల."

"గోడెక్కీ ఫొటోలో నువ్వెందుకే? దండ నీ మీదా పడిపోద్ది."

"పడనీ."

తిరుపతిరావు చొక్కా గుండీలు ఒక్కొక్కటే పెట్టుకున్నాడు.

"దువ్వెన తే," అన్నాడు. "ముందుముందు సూసుకోవాల్సింది నువ్వు. పిచ్చోడిలాగుంటే బాగోదు."

రాజులమ్మ దువ్వెన కోసం లేవలేదు. వేళ్లతోనే అతని జుట్టు పక్కకు దువ్వింది. శ్రీను మొహం అటు తిప్పుకుని, లెన్సును తుడిచిందే తుడిచాడు.

తర్వాత వచ్చి వాళ్ల మోకాళ్లకు తగిలేంత దగ్గరగా కూర్చున్నాడు.

"మీద పడిపోతన్నావేట్రా? మా ముక్కులు తప్ప ఏటి వత్తాది అందులో?"

"అంతా వత్తాది గానీ, సంతలో కలిసినోళ్లలాగ ఆ ఎడం ఏటి? మొగుడూ పెళ్లాల్లాగ కూకోండి."

"మీ అప్ప ఊఁ అనాల గానీ, ఒళ్లోనే కూకుంటాను."

"సిగ్గు నేదు నీకు," అంటూ రాజులమ్మ పకపక నవ్వి అతని భుజం మీద ఒకటి వేసింది. ఆ చెయ్యి అక్కడే ఉండగా కెమెరా టిక్కుమంది.

శ్రీను కెమెరా వెనకున్న బుల్లితెరను వాళ్ల వైపు తిప్పాడు. తిరుపతిరావు కళ్లు చికిలించి చూశాడు. ఉబ్బిన మొహం వెతుక్కున్నాడు. దొరకలేదు. నవ్వుతున్న మగవాడు, వాడి భుజం పట్టుకుని అంతకంటే ఎక్కువ నవ్వుతున్న ఆడది. చూసినవాడెవడూ వాళ్లిద్దరూ ఏమవుతారని అడగడు.

"మంచి కెమెరాయే. కొనీ," అన్నాడు. "దీన్ని పెద్దది సేయించు, శ్రీనూ. మీ అప్పకి సూపు తగ్గేక కూడా అవుపడాల."

"పెద్దదొద్దు," అంది రాజులమ్మ. "సంచీలో పట్టీది సాలు. తమ్ముడు ఇప్పుడే సోంపేట ఎల్లి స్టూడియోలో ఏయించి తెత్తాడు. రేపు మనతో విశాఖ తీసుకెళ్లాల."

"ఫొటో విశాఖెందుకే?"

రాజులమ్మ తమ్ముడి వైపు చూసింది. శ్రీను తలూపాడు. ఆమె మొగుడి చేతిని తన ఒళ్లోకి తీసుకుంది.

"నువ్వు మిషను కాడ పడుకున్నప్పుడల్లా నానూ పరీచ్చలు సేయించుకున్నాను, మావా. నాది నీకు సరిపోద్దంట. కిడ్నీ ఇత్తన్నది నిజంగా పెళ్లామేనా, ఎవర్నైనా కొనుక్కొచ్చేరా అని అక్కడ పెద్ద డాక్టర్లు రుజువడుగుతారు."