పైలట్ పెట్టిన బోరు పాయింట్

"యుద్ధంలో విమానం నడిపినోడు ఈ మండలం మొత్తం మీద ఒక్కడే. వాడు నీ ముందర నిలబడినాడు. బాగా చూసుకో!"

టీ కొట్టు దగ్గర ఎవరు దొరికినా గంగాధరప్ప ఇలాగే మొదలుపెట్టేవాడు.

"డెబ్బై ఒకటిలో ముప్పై వేల అడుగుల మీద ఎగిరినా. విమానంలో తుపాకీ లేదు, బాంబు లేదు. కెమెరా ఒక్కటే. శత్రువు నెత్తిన తిరిగి ఫొటోలు తీసుకొని, బతికి రావల్ల. అంతే పని."

డెబ్బై ఆరేళ్ల మనిషి. మోకాళ్లు రెండూ అరిగిపోయాయి. టీవీఎస్ ఎక్కాలన్నా ఎవరో ఒకరు పట్టుకోవాలి. అలాంటివాడు విమానం నడిపాడంటే ఎవరు నమ్ముతారు? చిన్నప్పటి స్నేహితుడు ఇమాంసాబే నమ్మలేదు.

"అన్ని ఫొటోలు తీసినావు కదా బావా, ఒక్కటన్నా చూపీ."

"అవి సర్కారు రహస్యం."

"యాభై ఏండ్లు దాటినా రహస్యమేనా? అవునులే, అబద్ధాన్ని అన్నేండ్లు దాచల్లంటే కష్టమే."

ఆ ఇమాంసాబ్‌కు ఊరి పడమట నాలుగెకరాల చీనీతోట, అంటే బత్తాయి తోట, ఉంది. నాలుగు బోర్లు వేయించాడు. నాలుగుసార్లూ ఒకాయన అరచేతిలో కొబ్బరికాయ పడుకోబెట్టుకుని తోటంతా తిరిగాడు. కాయ లేచి నిలబడ్డ చోట బోరు వేశారు. కాయ ప్రతిసారీ నిలబడింది. నీళ్లు ఒక్కసారీ పడలేదు.

చెట్లు ఎండిపోతున్నాయి. కూతురు హసీనా తెగేసి చెప్పింది.

"ఇదే ఆఖరి బోరు నాయనా. ఈతూరి కూడా దుమ్మే లేస్తే సోమవారం సోలారోళ్ల కాగితం మీద సంతకం పెట్టల్ల. చేను వాళ్లకిచ్చేసి నీడపట్టున కూచుందువు."

నీడపట్టున కూర్చోవడం ఇమాంసాబ్‌కు చేతకాని పని. ఆ తోట పోతే పొద్దున లేచి ఎక్కడికి పోవాలో ఆయనకు తెలియదు. దిగులుగా, ఆ కొబ్బరికాయ ఆయన ఇంటికే మళ్లీ బయలుదేరాడు. గంగాధరప్ప దారికి అడ్డం నిలబడ్డాడు.

"కాయ ఏందప్పా, కాయ! భూమిని కిందనుంచి చూస్తే ఏం తెలుస్తాది? పైనుంచి చూడల్ల."

పక్క చేలో ఊరమ్మాయి నందిని డ్రోన్‌తో మందు కొడుతోంది. ఫొటోలు తీసే చిన్న డ్రోన్ కూడా ఆమె దగ్గర ఉంది. గంగాధరప్ప అడగ్గానే దాన్ని తోట మీద ఎగరేసింది. ఫొటో ఉన్న ఫోన్ ఆయన చేతిలో పెడుతూ అడిగింది.

"నిజంగానే విమానం నడిపినావా తాతా?"

"ఏం చెప్పమంటావులేమ్మా. మొదటి తూరి ఏదో వంతెన ఫొటో తెమ్మన్నారు. పోయినా. కింద నది! అన్ని నీళ్లు పుట్టి బుద్ధెరిగి చూడల్యా. మన పెన్నేట్లో ఉండేది ఇసుకే కదా. కెమెరా నొక్కినా, నొక్కినా, రీలంతా అయిపాయ. ఈడికొచ్చి కడిగిస్తే నలభై ఫొటోల్లోనూ నీళ్లే! 'వంతెన యాడ?' అని మా ఆఫీసరు ఎగిరినాడు. 'అది యాడికి పోతాది సార్, రేపు తెస్తా. ముందు ఈ నీళ్లు చూడండి' అంటి."

"ఏమన్నాడు?"

"మళ్లీ తోలినాడు. ఈతూరి కిందనుంచి ఒకటే కాల్పులు. వంతెన తీసినా. వస్తా వస్తా ఇంకో రెండు నీళ్లవి తీసినా."

ఇమాంసాబ్ పొట్ట పట్టుకుని నవ్వాడు. "ఇంత అబద్ధానికి జాలిపడన్నా నీళ్లు పడల్ల బావా!"

గంగాధరప్ప పట్టించుకోలేదు. ఫోన్‌ను కంటికి దగ్గరగా పెట్టుకుని అటూ ఇటూ తిప్పాడు. ఎర్రమట్టిలో సన్నగా ఒక నల్లటి చార. ఈశాన్యం గట్టు దగ్గర ఇంకో చార దానికి అడ్డంగా పోతోంది.

"నల్లచార అంటే అడుగున తడి. రెండు చారలూ కలిసేది ఈడ. ఈడ దించండి."

"పడకుంటే?"

"పడకుంటే నేను చచ్చేదాకా విమానం మాటెత్తను."

ఊరివాళ్లకు ఈ పందెం బ్రహ్మాండంగా నచ్చింది. ఎటు తిరిగినా లాభమే.

మర్నాడు పొద్దున రిగ్గు వచ్చింది. నూట ఎనభై అడుగులకు తడిమట్టి. రెండు వందల అరవైకి నీళ్లు తన్నుకొచ్చాయి. రిగ్గువాళ్లు తడిసి ముద్దయ్యారు. హసీనా కొంగుతో మొహం కప్పుకుని ఏడ్చింది. చూడ్డానికి వచ్చిన కొబ్బరికాయ ఆయన, కాయను అక్కడే పగలగొట్టి సగం తిని, సగం నందినికి ఇచ్చి వెళ్లిపోయాడు. ఇమాంసాబ్ ఆ బురదలోనే మడమలు దగ్గరపెట్టి నిలబడి, గంగాధరప్పకు సెల్యూట్ కొట్టాడు.

"ఒప్పుకుంటి బావా. నువ్వు పైలట్‌వే."

మీరూ మొదట్లో నమ్మలేదు కదా? ఇప్పుడు నమ్ముతున్నారు. నమ్మండి, తప్పులేదు. ఆ విమానం నిజం, ఆ నలభై నీళ్ల ఫొటోలూ నిజం, గంగాధరప్ప ఇంట్లో ట్రంకుపెట్టె అడుగున వాయుసేన ఇచ్చిన మెడల్ కూడా ఉంది. నేను కల్పించిందల్లా ఆ బోరులో నీళ్లే.