కోరం పదిహేను

కోరానికి కనీసం పదిహేనుమంది ఉండాల్సిన యూనియన్ సభని పద్నాలుగుమందితోనే నడిపి, పోయిన సమావేశం మినిట్స్ ఆమోదించేశావు, కార్యదర్శి అన్నా. తన పొరపాటువల్లే యంత్రం చెడిందని వెల్డర్ బాబాయి ఒప్పుకున్నట్టు వాటిలో రాసుంది. ఆయన ఒప్పుకోలేదు. ఇప్పుడు యాజమాన్యం ఆ కాగితం చూపించి ఆయన్ని పనిలోంచి తీసేస్తుంది.

నేనడిగితే, "రిజిస్టర్లో పదిహేను సంతకాలున్నాయి కదరా, తలలు లెక్కపెట్టడం నా పనా?" అని నవ్వావు.

బాబాయి నా భుజం తట్టి, "అందరూ నోరు మూసుకున్నార్రా. నువ్వుండుంటే లేచి అడిగేవాడివి," అన్నాడు. ఆయన మొహంలోకి చూడలేకపోయాను.

పదిహేనో సంతకం నాదే. షిఫ్టు దిగి, గేటు దగ్గరే రిజిస్టర్లో గిలికేసి బస్సెక్కేశాను.

నా సంతకం కొట్టేసి, ఆమోదం రద్దుచెయ్యి. శుక్రవారం సాయంత్రంలోగా జవాబివ్వు. లేకపోతే ఈ మాట బాబాయి ముందే, గేటు దగ్గర అందరికీ చెబుతాను.