శుక్రుడి దుప్పట్లు

ఎనిమిది నెలల పాపకి ఒళ్లు కాలిపోతోంది.

డాక్టరుగారేమో లోపల ఎవరో పిల్లాడికి కట్టు కడుతున్నారు. ఎంతకీ పిలుపు రాదే.

వరండా బెంచీ మీద పాప తల్లి థర్మామీటరుని అటూ ఇటూ తిప్పి చూస్తోంది. రోజంతా సూదిలో దారం ఎక్కించే దర్జీ ఆమె, ఇవాళ ఆ గీతలు కూడా సరిగ్గా చదవలేకపోతోంది.

"నూట మూడమ్మా. ఇందాకటి కన్నా పెరిగింది."

"చలిజ్వరమే. ఇంకోటి కప్పు," అంది పాప అమ్మమ్మ, రెండు దుప్పట్ల మీద తన శాలువా కూడా చుడుతూ.

ఎదురు బెంచీ మీంచి గడ్డం మాసిన మనిషొకడు లేచి వచ్చాడు.

"ఆ దుప్పట్లు తీసెయ్యండమ్మా. సూర్యుడికి దగ్గరున్నది బుధుడు. కానీ వేడెక్కువ శుక్రుడికి. ఎందుకో తెలుసా?"

అమ్మమ్మకి అసలే కంగారెక్కువ. ఆ కంగారులో ఆవిడ నోరు ఆగదు.

"మా ప్రాణాలు పోతుంటే గ్రహాల గొడవేంటయ్యా? జాతకాలు చెప్పడానికి ఆస్పత్రే దొరికిందా నీకు?"

"జాతకం కాదండీ. శుక్రుడి చుట్టూ దట్టమైన గాలి, దుప్పటి కప్పినట్టు. వచ్చిన వేడి బయటికి పోదు. అంగారకుడికి గాలి పల్చన, వేడి నిలవక గడ్డకట్టే చలి. పాప మెడ వెనక చెయ్యి పెట్టి చూడండి, మీకే తెలుస్తుంది."

దర్జీ చెయ్యి పెట్టింది. సెగ తగిలింది. శాలువా, దుప్పట్లు అన్నీ లాగేసింది.

"దారిన పోయే దానయ్య మాట విని పిల్లని చంపుకుంటావా?" అంటూ అమ్మమ్మ ఆ మనిషిని గేటు దాకా తరిమి వచ్చింది. అతను వెనక్కి తిరిగి పాప వంకే చూస్తూ వెళ్లిపోయాడు.

పావుగంటకి పిలుపొచ్చింది. అప్పటికే పాప కళ్లు తెరిచి పాల కోసం ఏడుస్తోంది.

"దుప్పట్లు తీసి మంచి పని చేశారు. లేకపోతే ఫిట్సు వచ్చినా వచ్చేవి," అన్నారు డాక్టరుగారు, మందు రాస్తూ. "ఎవరు చెప్పారు?"

అమ్మమ్మ నసిగింది. "ఎవరో పిచ్చాయన. బుధుడూ, శుక్రుడూ అంటూ..."

పక్కనున్న నర్సు తలెత్తింది. "మాస్టారు వెళ్లిపోయారా?"

"మాస్టారా? నేనే వెళ్లగొట్టానమ్మా. నా నోరు పడిపోను." ఆవిడకి ఏడుపొచ్చింది. "ఆయనకి ఇక్కడేం పని?"

"బడి వదలగానే వచ్చి ఆ బెంచీ మీద కూర్చుంటారండీ, పిల్లల్ని తెచ్చేవాళ్లని చూస్తూ," అంది నర్సు, గొంతు తగ్గించి. "పోయినేడు క్లాసులో శుక్రుడి పాఠం చెప్పిన సాయంత్రమే, జ్వరంతో ఉన్న కూతుర్ని మూడు దుప్పట్లలో చుట్టి తెచ్చారు, ఆ పిల్ల దక్కలేదు."