నేలయ్య

"నేల" అన్నాడు ముసలాయన.

"కూర్చో పెద్దాయనా, నేల ఎవడబ్బ సొమ్ము?" అన్నాడు మెకానిక్, తన అక్క కారు కిందనుంచి.

ముసలాయన కూర్చోలేదు.

మూడు రోజులుగా ఇదే వరస. పొద్దున్నే కాలీడ్చుకుంటూ షెడ్డు ముందుకు వచ్చి నిలబడతాడు. పక్షవాతానికి కుడి చెయ్యి పడిపోయింది, నోరు పక్కకు పోయింది. ముక్కలుగా ఊడిపడే మాటల్లో అర్థమయ్యేది ఒక్కటే. పక్కనున్న పంక్చర్ షాపతను ఆయనకు నేలయ్య అని పేరు కూడా పెట్టేశాడు.

అమ్మ పోయాక తమ్ముణ్ణి చంకనేసుకుని పెంచిన అక్క. వంతెన అవతల ఆసుపత్రిలో నర్సు. ఆమె కారు ముసలిదైపోయింది. వెనక చక్రాన్ని పట్టి ఉంచే మౌంటు తుప్పుతిని చీలింది. చక్రం వరస తప్పి, కారు పీతలా పక్కకు నడుస్తోంది.

"వేరేది కొనుక్కోవచ్చుగా అక్కా?"

"ఎందుకురా? నువ్వున్నావుగా!"

ఆ ఒక్క మాటకు ఒళ్లు దాచుకోకుండా పనిచేశాడు. తుప్పు రేకు కోసేశాడు. మందపాటి ప్లేటు పెట్టి వెల్డింగ్ చేశాడు. కొత్త రబ్బరు బుష్ ఎక్కించాడు. చక్రాల పక్కన దారం కట్టి, వెంట్రుకవాసి తేడా లేకుండా సరిచేశాడు.

చివరికి, కారు జాకీల మీద ఉండగానే ఆ బుష్‌ను పట్టి ఉంచే బోల్టు బిగించాడు. అతని గురువూ అలాగే బిగించేవాడు. గురువుగారి గురువూ అంతే. దించాక బిగించాలంటే పాములా పాకాలి. అంత ఖర్మ ఎవరికి పట్టింది?

"నే...ల!" అని వెనకనుంచి కేక.

"ఆకాశం కూడా నీదే పెద్దాయనా, ఏలుకో!"

పంక్చర్ షాపతను పడీపడీ నవ్వాడు.

మధ్యాహ్నం భోంచేసి వచ్చేసరికి కారు కింద రెండు కాళ్లు కనిపించాయి. మెకానిక్ పట్టుకుని బయటికి లాగాడు.

నేలయ్య. ఎడం చేతిలో పానా ఉంది. బోల్టు సగం వదులైంది.

"పాపమని రానిస్తే బోల్టు ఊడబీకుతావా? ఎవరి ప్రాణం తీద్దామని?"

ముసలాయన లేచి నిలబడ్డాడు. జాకీని చూపించాడు. కిందికి చూపించాడు.

"నేల... నేల..."

మెకానిక్ ఒక్క తోపు తోశాడు. ఆయన వెల్లకిలా పడ్డాడు.

"ఆఁ, నేలమీదే పడ్డావు. లేచి పో! మళ్లీ ఈ ఛాయలకొస్తే కాళ్లు విరగ్గొడతా."

ఈసారి పంక్చర్ షాపతనికి నవ్వు రాలేదు. ఆయన లేవడానికి చాలాసేపు పట్టింది. ఎవరూ చెయ్యి ఇవ్వలేదు.

మెకానిక్ మళ్లీ కారు కింద దూరాడు. పానాకు గొట్టం తొడిగి, ఆ కోపమంతా పెట్టి బోల్టు బిగించాడు. ఆ తర్వాతే జాకీలు దించాడు.

సాయంత్రం అక్క వీధి చివరిదాకా నడిపి చూసుకుని వచ్చింది.

"ఏం చెయ్యిరా నీది! గీత గీసినట్టు పోతోంది."

అతని మనసు నిండిపోయింది.

నలభై రోజులు అలాగే పోయింది. ఆ మర్నాడు వంతెన దిగే మలుపులో వెనక చక్రం పక్కకు తిరిగిపోయింది. కారు గోడకు కొట్టుకుంది. అక్కను ఆమె పనిచేసే ఆసుపత్రికే తెచ్చారు. తోటి నర్సులే ముఖం మీద దుప్పటి కప్పారు.

బళ్లు తనిఖీ చేసే ఇన్‌స్పెక్టరు టార్చి వేసి కారు కింద చాలాసేపు చూశాడు.

"వెల్డింగ్ బాగుంది. దాని పక్కన పాత రేకు చిరిగిపోయింది. బోల్టు జాకీ మీద బిగించావా, దించాకా?"

"జాకీ మీదే సార్. మేమంతా అలాగే..."

"చక్రం వేలాడుతుండగా బిగిస్తే, దించగానే బుష్ మెలిపడదూ? ఇక గుంత గుంతకీ రేకును లాగుతూనే ఉంటుంది. పాత రేకు ఎన్నాళ్లు ఓర్చుకుంటుంది? బండి బరువు చక్రాల మీద పడ్డాకే బిగించాలయ్యా. నేలమీద."

ఆ తర్వాత ఇన్‌స్పెక్టరు ఏం చెప్పాడో మెకానిక్‌కు వినపడలేదు. అక్కను తన చేతులతోనే చంపుకున్నాడు. వద్దు వద్దని చెప్పిన మనిషిని దొంగని చేసి తరిమాడు.

వీధి వీధీ తిరిగాడు. కాలీడ్చే ముసలాయన ఎక్కడుంటాడని కనపడ్డవాళ్లందర్నీ అడిగాడు. మూడో రోజుకు ఒక సందులో ఒంటిగది ఇల్లు చూపించారు. ఒక పెద్దావిడ తలుపు తీసింది.

"పెద్దాయన ఉన్నారామ్మా?"

"పోయి పన్నెండు రోజులైంది నాయనా."

మెకానిక్ గడప దగ్గరే కూలబడ్డాడు.

"నువ్వు ఆ షెడ్డు అబ్బాయివి కదూ?" అంది ఆవిడ. "ఆ కారు కనపడ్డ రోజు నన్ను కూడా అక్కడికి లాక్కెళ్లి చూపించాడు. ఏదో చెప్పాలని కొట్టుకుపోయేవాడు. నాకూ అర్థమయ్యేది కాదు. ఓ రోజు ఎక్కడో పడి వచ్చాడు. ఇక మంచం దిగలేదు."

"నేనే తోశానమ్మా."

ఆవిడ అతని ముఖంలోకి చూసింది.

"కాలు జారిందన్నట్టు చూపించాడు, అంతే" అంది.

మెకానిక్ భోరున ఏడ్చాడు. ఆ ఏడుపులోనే అడిగాడు.

"ఆయన ఏం పనిచేసేవారమ్మా?"

"కార్ల ఫ్యాక్టరీలో బాబూ. ముప్పై రెండేళ్లూ ఒకటే పని, ఆ రకం కార్లు ఎన్ని రోడ్డెక్కాయో అన్నింటికీ వెనక చక్రం బోల్టు బిగించింది మా ఆయనే."